పాత వీడియో గేముల పిల్లల నవలలు: కథ ఎక్కడ మారింది, ఎందుకు మారింది

1990లో అమెరికాలో స్కాలస్టిక్ సంస్థ ‘వరల్డ్స్ ఆఫ్ పవర్’ పేరుతో పిల్లల నవలల వరుస ఒకటి మొదలుపెట్టింది. అప్పట్లో నింటెండో ఎన్‌ఈఎస్ అనే, టీవీకి తగిలించే గేము మెషీను మీద పిల్లలు ఆడుతున్న గేములే వాటికి మూలం. సినిమా థియేటర్లో ఉండగానే వెండితెర నవలను బజార్లోకి వదలడం మన ప్రచురణకర్తలకూ తెలిసిన విద్యే. కాకపోతే సినిమాకి కథ, సంభాషణలు ముందే ఉంటాయి, వాటిని వచనంలో పెడితే సరిపోతుంది. 1988 నాటి గేములో కథంటే మొదట్లో నాలుగు బొమ్మలు, చివర్లో రెండు వాక్యాలు. మధ్యలో అంతా దూకడం, కాల్చడం, చావడం, మళ్లీ మొదలుపెట్టడం. దాన్ని వంద పైచిలుకు పేజీల నవల చెయ్యమంటే రచయిత చాలావరకు సొంతంగా పుట్టించుకోవాల్సిందే.

ఇప్పుడు ఈ పుస్తకాలు తిరగేసేవాళ్లు సాధారణంగా ఏం చేస్తారంటే, ఆ గేము గురించి ఈనాడు తెలిసిన సమాచారమంతా పక్కన పెట్టుకుని తప్పులు ఏరతారు. ‘మెటల్ గేర్’ హీరో స్నేక్ అసలు పేరు జస్టిన్ హాలీ ఏమిటి? ‘మెగా మ్యాన్ 2’లో రోబో కాస్తా మనిషైపోవడమేమిటి? కాసేపు నవ్వుకుని పుస్తకం మూసేస్తారు. కానీ ఆ తేడాల్లో రచయిత అజాగ్రత్త వల్ల వచ్చినవి తక్కువ. కొన్ని గేముతో వచ్చిన మాన్యువల్ నుంచి, కొన్ని పుస్తకం అమ్ముడయ్యే చోటు నుంచి, మిగిలినవి గేము ఖాళీగా వదిలేసిన జాగా నుంచి వచ్చాయి. ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో విడదీస్తే ఈ పుస్తకాలు వేరేగా కనిపిస్తాయి.

మాన్యువల్ చెప్పిన కథ

‘మెటల్ గేర్’ సంగతే చూడండి. అసలు గేము 1987లో జపాన్‌లో ఎంఎస్‌ఎక్స్2 కంప్యూటర్ మీద వచ్చింది, దాన్ని రూపొందించింది కొనామి అనే జపాన్ కంపెనీలో పనిచేసే హిదెయో కొజిమా. అమెరికా పిల్లలు ఆడింది అది కాదు. కొనామిలోనే మరో బృందం, కొజిమా ప్రమేయం లేకుండా, ఎన్‌ఈఎస్ కోసం మార్చి కట్టిన రూపం. అందులో పేరుకు కారణమైన ఆ భారీ యుద్ధయంత్రమే లేదు, దాని చోట ఒక సూపర్ కంప్యూటర్ ఉంది. 1988లో ఇది అమెరికాలో అల్ట్రా గేమ్స్ పేరు మీద వచ్చింది. ఒక్కో కంపెనీ ఏడాదికి ఐదు గేములకు మించి వెయ్యకూడదని నింటెండో నియమం పెట్టడంతో కొనామి పెట్టుకున్న రెండో దుకాణం అల్ట్రా.

ఆ డబ్బాలో వచ్చిన ఇంగ్లీషు మాన్యువల్ ఇంకో మెలిక. గేములో అసలు విలన్ హీరోకి ఆజ్ఞలిచ్చే పై అధికారే. అది చివరి మలుపు. మాన్యువల్ మాత్రం వెర్మన్ కటాఫీ అనే నియంతను విలన్‌గా చూపిస్తుంది. లిబియా గడాఫీ మీద వేసిన జోకు అది. గేములో ఎక్కడా లేని ఈ మనిషి కాగితం మీద ప్రధాన శత్రువయ్యాడు, నవలా ఆ కాగితం దారిలోనే నడిచింది. నవల ‘తప్పు’ అంటున్న చోట చాలాసార్లు మాన్యువల్‌ని తప్పుపట్టాలి. అది కూడా తెలియక చేసిన తప్పు కాదు, అమెరికా బుక్‌లెట్లకు కొనామివాళ్లు అలవాటుగా పూసిన హాస్యం.

మన దగ్గర ఈ చిక్కే రాలేదు. ఆంధ్రా, తెలంగాణ ఇళ్లలోకి వచ్చినవి ఎక్కువగా నకలు మెషీన్లు, వందల గేములు ఉన్నాయని రాసిన పసుప్పచ్చ కేసెట్లు. వాటితో మాన్యువల్ వచ్చేది కాదు. కాంట్రా అనే గేముని మనవాళ్లు కథ ఊసే లేకుండా ఆఖరి దాకా ఆడేశారు.

బడి గేటు దాటాల్సిన పుస్తకం

స్కాలస్టిక్ పుస్తకాలు అమ్మే పద్ధతి తెలియకపోతే రెండో రకం మార్పులు అర్థం కావు. పుస్తక దుకాణాలతో పాటు బడుల్లో బుక్ క్లబ్బులు, బుక్ ఫెయిర్లు దాని ముఖ్యమైన మార్కెట్టు. ఆర్డరు కాగితం టీచరు చేతి మీదుగా ఇంటికి వెళ్తుంది, డబ్బులు తల్లిదండ్రులిస్తారు. గేము డబ్బా మీద తుపాకీ ఉంటే ఆట వస్తువుల దుకాణంలో చెల్లుతుంది గానీ క్లాసురూములో చెల్లదు. అందుకే ‘మెటల్ గేర్’ పుస్తకం ముఖచిత్రం గేము డబ్బా బొమ్మే అయినా, హీరో చేతిలోని పిస్తోలుని రంగు పూసి మాయం చేశారు. చెయ్యి మాత్రం పట్టుకున్న భంగిమలోనే మిగిలిపోయింది. పాత డబ్బా బొమ్మ పక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే కంటపడుతుంది.

కథలోపలా ఇదే కత్తెర. ‘నింజా గైడెన్’ గేములో హీరో రియూ తండ్రి కొడుకుని కాపాడబోయి చనిపోతాడు. ఎన్‌ఈఎస్ గేముల్లో బొమ్మల సన్నివేశాలతో కథని ఇంత విస్తారంగా చెప్పినవి అప్పటికి అరుదు, కాబట్టి ఆ చావుకి బరువుంది. నవలలో తండ్రి బతుకుతాడు. ఇది మాత్రం నష్టమే. గేము అంతా మోసుకొచ్చిన బాధని నవల చివరి పేజీల్లో చేజేతులా వదులుకుంది.

‘మెగా మ్యాన్ 2’ విషయంలో అలా అనలేం. గేములో మెగా మ్యాన్ ప్రాణమంటే 28 గీతల నిలువు పట్టీ. గీతలైపోతే పేలిపోతాడు, మళ్లీ వస్తాడు. చదివే పిల్లాడికి ఇందులో భయమెక్కడిది? నవల మొదట్లోనే, కథలో జరిగిన ఒక పొరపాటు వల్ల అతను మనిషైపోతాడు. ఆకలి, అలసట, దెబ్బ తగిలితే నొప్పి, ఇవన్నీ ఉచితంగా వచ్చిపడ్డాయి. ఆట తెలిసినవాళ్లకి ఒళ్లు మండొచ్చు గానీ, రాసేవాడి వైపు నుంచి చూస్తే తెలివైన ఎత్తుగడ. ‘క్యాసిల్‌వేనియా 2’ నవల ఇంకో దారి పట్టింది. టిమతీ బ్రాడ్లీ అనే ఈ కాలపు బడిపిల్లాణ్ణి తెచ్చి గేము హీరో సైమన్ బెల్మాంట్ పక్కన నిలబెట్టింది. పిల్లాడికి గేము ముందే తెలుసు, కాబట్టి ఆటగాడి తెలివితేటలన్నీ వాడి నోట పలికించవచ్చు. గేము లోకంలోకి మామూలు పిల్లాడు వెళ్లడమనే ఎత్తు 1989లో మొదలైన ‘కెప్టెన్ ఎన్’ కార్టూన్‌తో అప్పటికే పిల్లలకు అలవాటు.

ఒక జాగ్రత్త. పదును తగ్గించిన ప్రతి చోటా పుస్తకాన్నే నిందించకూడదు. ‘బయానిక్ కమాండో’ జపాన్ గేము పేరులోనే హిట్లర్ పునరాగమనం ఉంది. అమెరికా గేములో ఆ పేరు తీసేసి ‘మాస్టర్-డి’ అని మార్చారు, స్వస్తిక గుర్తులు తొలగించారు, మొహం మాత్రం అలాగే ఉంచేశారు. నవల దాకా రాకముందే ఒక కత్తెర పడిపోయిందన్నమాట. జపాన్ గేము, అమెరికా గేము, మాన్యువల్, నవల, ఈ నాలుగు మెట్లలో మార్పు ఏ మెట్టు దగ్గర జరిగిందో చూసుకోవాలి.

అధ్యాయం చివరి చిట్కా

ఈ పుస్తకాలు అమ్ముడవడానికి అసలు కారణం కథ కాకపోవచ్చు. అధ్యాయాల చివర గేము ఆడటానికి చిట్కాలుండేవి. ఇంటర్నెట్ ఇళ్లలోకి రాని రోజుల్లో వాటి విలువ తెలియాలంటే ‘క్యాసిల్‌వేనియా 2’లోని డెబొరా కొండ చాలు. డ్రాకులా శరీరభాగాలు ఐదు వెతకాలి. పక్కటెముక, గుండె, కన్ను, గోరు, ఉంగరం. ఒక దశలో ఆటగాడు కొండ అంచుకి వచ్చి ఆగిపోతాడు, ముందు దారి ఉండదు. చెయ్యాల్సిందేమిటంటే ఎర్ర స్ఫటికాన్ని ఎంచుకుని, గోడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కొన్ని సెకన్లు కదలకుండా ఉండాలి. సుడిగాలి వచ్చి ఎత్తుకెళ్తుంది. గేములో ఊరివాళ్లు చెప్పే ఇంగ్లీషు సూచన మాత్రం తలతో కొండని గుద్ది కన్నం చెయ్యమంటుంది! అనువాదం అలా ఏడిస్తే పిల్లలేం చేస్తారు, నింటెండో పత్రిక కొంటారు, లేదా ఇలాంటి పుస్తకం కొంటారు.

కాబట్టి చిట్కాలను ఇప్పుడు సరిచూడాలనుకుంటే అమెరికా ఎన్‌ఈఎస్ రూపం మీదే చూడాలి. జపాన్ డిస్క్ రూపంలో గానీ, తర్వాత వచ్చిన సంకలనాల్లో గానీ ప్రయత్నించి ‘పుస్తకం అబద్ధం చెప్పింది’ అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. సూచనల పాఠం, కొన్నిచోట్ల సేవ్ చేసే పద్ధతి కూడా మారిపోయాయి.

నవలలో పుట్టి గేములోకి నడిచొచ్చిన ఈవ్

పుస్తకం గేముని మార్చిన సందర్భం ఉందా అంటే, ‘బ్లాస్టర్ మాస్టర్’ ఉంది. దీన్ని కాస్త నెమ్మదిగా చూడాలి.

సన్‌సాఫ్ట్ 1988లో జపాన్‌లో వేసిన అసలు గేము పేరు ‘మెటాఫైట్’. దూరపు గ్రహం సోఫియా మీద దండెత్తిన శత్రువులతో కేన్ గార్డ్‌నర్ అనే యోధుడు ట్యాంకుతో పోరాడే గంభీరమైన అంతరిక్ష కథ. అదే ఏడాది అమెరికా తెచ్చేసరికి కథ మొత్తం తీసిపారేశారు. కొత్త కథలో జేసన్ అనే కుర్రాడు ఫ్రెడ్ అనే కప్పని పెంచుకుంటాడు. కప్ప తప్పించుకుని పెరట్లో ఉన్న రేడియోధార్మిక పెట్టెని తాకి కొండంతైపోయి నేలలోని గోతిలోకి దూకుతుంది. వెనకే దూకిన జేసన్‌కి లోపల కవచం, సోఫియా అనే ట్యాంకు సిద్ధంగా కనిపిస్తాయి. గ్రహం పేరు ట్యాంకుకి మిగిలింది. ట్యాంకుని అక్కడ ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది గేము చెప్పదు.

నవల రాసింది ఎ. ఎల్. సింగర్. అది పీటర్ లెరాంజిస్ కలం పేరు. గేము వదిలేసిన ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా నవల నడవదు, ఎందుకంటే గేము ఆడేవాడు ‘ట్యాంకెక్కడిది’ అని అడగడు, చదివేవాడు అడుగుతాడు. పైగా భూగర్భంలో ఒంటరిగా తిరిగే కుర్రాడు మాట్లాడేదెవరితో? నవలలో ఈ రెండు అవసరాలూ తీర్చే పాత్ర ఈవ్. భూమికి చెందని అమ్మాయి, ట్యాంకు వెనక సంగతి తెలిసిన మనిషి, జేసన్‌కి మాట తోడు.

పిల్లల చౌక పుస్తకంలోని పాత్ర అక్కడితో మాయమైపోవాలి. కానీ 2000లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ‘బ్లాస్టర్ మాస్టర్: బ్లాస్టింగ్ అగైన్’లో జేసన్ భార్య ఈవ్. ఆ గేము నడిపించేది వాళ్ల పిల్లలు రాడీ, ఎల్ఫీ. 2017లో ఇంటి క్రియేట్స్ సంస్థ చేసిన ‘బ్లాస్టర్ మాస్టర్ జీరో’లో ఈవ్ ప్రధాన పాత్ర, ఆ కథ వెనక్కి వెళ్లి ‘మెటాఫైట్’తో కూడా ముడి వేసుకుంది. జపాన్ కథని అమెరికా చెరిపేసింది, అమెరికా నవల ఖాళీ పూరించింది, చివరికి జపాన్ వాళ్లే ఆ పూరణని అసలు కథలో కలుపుకున్నారు. ఒరిజినల్‌కి కట్టుబడి ఉందా అని ఈ నవలను కొలవబోతే కొలబద్దే చేతిలో నిలవదు. ఏ ఒరిజినల్?

సెగా కంపెనీ గేముల హీరో సోనిక్ విషయం దీనికి తలకిందులు. బ్రిటన్‌లో వర్జిన్ సంస్థ 1993, 94 సంవత్సరాల్లో నాలుగు సోనిక్ నవలలు వేసింది. రచయితగా అచ్చైన మార్టిన్ ఆడమ్స్ ఒక మనిషి కాదు, కొందరు రచయితలు కలిసి వాడుకున్న పేరు. వాటిలో విలన్ రోబోట్నిక్ మొదట కింటోబోర్ అనే మంచి శాస్త్రవేత్త. ఇంగ్లీషు అక్షరాలు వెనక నుంచి చదివితే అదే పేరు. ఒక ప్రమాదం, ఒక కుళ్లిన గుడ్డు కలిసి అతన్ని దుర్మార్గుణ్ణి చేస్తాయి. ఇది బ్రిటన్ రచయితల సొంత ఊహ కాదు. సెగా అమెరికా శాఖ తయారుచేసి పంచిన నేపథ్య పత్రం నుంచి వచ్చింది, అప్పటి బ్రిటన్ కామిక్కులోనూ ఉంది. జపాన్ గేముల్లో అతను మొదటి నుంచీ ఎగ్‌మన్. 1998లో జపాన్‌లో, మరుసటి ఏడాది బయట వచ్చిన ‘సోనిక్ అడ్వెంచర్’ ఎగ్‌మన్ పేరునే అన్ని దేశాలకూ ఇచ్చింది, కింటోబోర్ కథ గేముల్లోకి ఎప్పుడూ రాలేదు. బ్రిటన్ నవలలు ఇప్పుడు చదివితే, ఒకప్పుడు అధికారికంగా ఇచ్చి తర్వాత వెనక్కి తీసుకున్న చరిత్ర చదువుతున్నట్టు లెక్క.

మూడో దారి కోర్టుకి వెళ్లింది. ‘డ్రాగన్ క్వెస్ట్ 5’ గేములో హీరోకి పేరుండదు, ఆటగాడే పెట్టుకోవాలి, నోరు విప్పి మాట్లాడడు. నవలలో అలా కుదరదు కాబట్టి రచయిత్రి కుమి సావోరి అతనికి ‘ర్యూకా’ అని పేరు పెట్టారు. 2019లో వచ్చిన యానిమేషన్ సినిమాలో హీరోకి అదే పేరు వాడారు. తనని అడగలేదని ఆమె దావా వేశారు. 2023లో జపాన్ కోర్టు దాన్ని కొట్టేసింది. ఒక్క పేరుకి కాపీరైటు నిలబడటం ఎక్కడైనా కష్టమే. కానీ గేము ఖాళీని పూరించినవాళ్ల శ్రమ ఎవరికి చెందుతుందన్న ప్రశ్న ఈవ్ విషయంలో ఎవరూ వెయ్యలేదు, ఇక్కడ గట్టిగా వేశారు.

చదివే పద్ధతి

గేము, నవల పక్కపక్కన పెట్టి చదవాలంటే ముందు మూడు సంగతులు ఖరారు చేసుకోవాలి: ఏ మెషీను, ఏ దేశం, ఏ సంవత్సరం రూపం. తర్వాత ఆ రూపానికి చెందిన మాన్యువల్ స్కాన్ సంపాదించాలి. కేసెట్ స్టిక్కరు మీది ప్రచురణకర్త పేరు, మాన్యువల్ మీదిది ఒకటేనా అని చూసుకుంటే సగం గందరగోళం అక్కడే తీరుతుంది. ఆపైన నవల చదువుతూ ప్రతి పేరుకీ, ప్రతి సంఘటనకీ పక్కన ఒక గుర్తు పెట్టండి. గేము తెరమీద ఉంటే ‘గే’, మాన్యువల్లో మాత్రమే ఉంటే ‘మా’, రెండింట్లోనూ లేకపోతే ‘న’. పుస్తకంలో ఆసక్తికరమైనదంతా ‘న’ వరసలో దొరుకుతుంది. ఆ వరసని తర్వాతి గేములతో పోల్చితే ఈవ్ లాంటివి బయటపడతాయి. తర్వాతి గేముల నుంచి మొదలుపెట్టి వెనక్కి చదివితే మాత్రం 1990 రచయితకి తెలిసే అవకాశమే లేని సంగతులకి ఆయన్ని దోషిని చేస్తాం.

దారులు మనమే ఎంచుకునే పుస్తకాలకి ఇది చాలదు. 1991, 92ల్లో వచ్చిన పన్నెండు ‘నింటెండో అడ్వెంచర్ బుక్స్’లో (పదింటిలో మారియో లోకం, రెండింటిలో జెల్డా) ఫలానా పేజీకి వెళ్లు అంటూ కథ చీలుతుంది, మధ్యలో పజిల్స్, నాణేల లెక్క. వీటిని మొదటి పేజీ నుంచి ముందుకి గీస్తే కొమ్మలు విపరీతంగా పెరిగి దారి తప్పుతుంది. ముందు ఆట ముగిసే పేజీలన్నీ ఏరి, ఒక్కోదానికీ ఏయే పేజీల నుంచి వస్తారో వెనక్కి వెతకండి. పజిల్ జవాబే పేజీ నంబరు అయిన చోట్ల గీతని వేరే రంగులో గీయాలి. లేకపోతే ఆ పేజీకి ఎక్కడి నుంచీ దారి లేదనిపించి అచ్చుతప్పు అనుకుంటారు. పాత ప్రతి కొనేటప్పుడు పజిల్ పేజీలు తెరిచి చూడండి. మొదటి యజమాని పెన్నుతో జవాబులు నింపేసి ఉండొచ్చు.

దొరకడం, నిలబెట్టుకోవడం

ఈ పుస్తకాలు మళ్లీ అచ్చు కావడం కష్టం, దానికి కారణం గిరాకీ ఒక్కటే కాదు. నవల హక్కులు ఒకరివి, పాత్రల హక్కులు ఇంకొకరివి. ‘విజార్డ్స్ అండ్ వారియర్స్’ గేము కట్టింది బ్రిటన్‌లోని రేర్, అమ్మింది అక్లెయిమ్. రేర్‌ని 2002లో మైక్రోసాఫ్ట్ కొంది, అక్లెయిమ్ 2004లో దివాలా తీసింది. వాళ్లందరి సంతకాలూ కూడగట్టి చౌక పుస్తకం వేసేదెవరు? రాసినవాళ్లు ముందుకొచ్చినా సాధారణంగా దారి ఉండదు. అమెరికా చట్టం ప్రకారం రచయిత 35 ఏళ్ల తర్వాత హక్కులు వెనక్కి అడగొచ్చు గానీ, ‘వర్క్ ఫర్ హైర్’ కింద, అంటే హక్కులు కంపెనీవే అనే ఒప్పందంతో డబ్బిచ్చి రాయించుకున్న వాటికి అది వర్తించదు. అలాంటి 1990 పుస్తకానికి కాపీరైటు 95 ఏళ్లు, అంటే 2085 చివరిదాకా. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో అరువుకి దొరికేవి కూడా నమ్మకం లేదు. ప్రచురణకర్తలు వేసిన కేసులో 2023లో తీర్పు వ్యతిరేకంగా రావడంతో, 2024లో అప్పీలు కోర్టూ దాన్నే ఖాయం చేయడంతో లక్షల పుస్తకాలు అరువు జాబితా నుంచి పోయాయి. కాబట్టి చేతికి దొరికిన కాగితం ప్రతే గతి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి లైబ్రరీల పాత పుస్తకాల అమ్మకాలు, గరాజ్ సేల్స్ అందుబాటులో ఉంటాయి.

దొరికిన ప్రతి కాగితం చౌకరకం. కాగితంలోని ఆమ్లం వల్ల అంచుల నుంచి లోపలికి గోధుమరంగు పాకుతుంది, దాన్ని వెనక్కి తిప్పలేం, నెమ్మదింపజేయగలం అంతే. వీపు దగ్గర జిగురు ఎండిపోయి ఉంటుంది. పుస్తకాన్ని బల్ల మీద పూర్తిగా పరిచి నొక్కితే మధ్యలో టప్పుమని విరిగి పేజీలు కట్టలుగా ఊడతాయి. తొంభై డిగ్రీలకు మించి తెరవకుండా, రెండు అట్టల ఆసరాతో చదవండి. స్కాన్ చెయ్యాలన్నా అదే కోణంలో పెట్టి పైనుంచి ఫొటో తియ్యడం నయం. అక్షరాలకి 300 డీపీఐ, అట్టకి 600 సరిపోతుంది. ఊడిన పేజీకి సెలోటేపు వెయ్యొద్దు. కొన్నేళ్లకి టేపు ఊడిపోతుంది, పసుపు జిగురు మరక మాత్రం కాగితంలోకి ఇంకి ఉండిపోతుంది. ఆమ్లం లేని పీవీఏ జిగురుని పేజీ లోపలి అంచుకి సన్నగా, రెండు మూడు మిల్లీమీటర్ల మేర రాసి, పక్క పేజీలకి అంటకుండా మధ్యలో మైనపు కాగితం పెట్టి, రాత్రంతా బరువు కింద ఉంచాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపుటూళ్లలో బూజు భయం ఎక్కువ. తడి ఆరని పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో మూసేస్తే బూజుని చేతులారా పెంచినట్టే. ముందు నీడలో గాలికి ఆరబెట్టి, తర్వాత సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టి, వర్షాకాలంలో పొట్లం మారుస్తూ ఉండాలి.